మోగని గది

కట్టడం పూర్తయిన గదిలోకి మొదట వెళ్ళేది మేస్త్రీయే. తలుపులు బిగించక ముందు, సామాను రాక ముందు, గది నడుమ నిలబడి ఒకసారి దగ్గుతాను. గది తిరిగి దగ్గుతుంది. గోడలు ఆరాయని అప్పుడు నమ్మకం కుదురుతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు, అలవాటైపోయింది. ఖాళీ గది మోగుతుంది. మంచాలు వేసి, బట్టలు తగిలించి, నలుగురు కూర్చున్నాక మోగదు. మనిషి ఒళ్ళు చప్పుడును తాగేస్తుంది.

మా ఇంటి వెనక గది నేనే కట్టాను, నా బావమరిది చదువుకోవడానికి. తల్లీ తండ్రీ పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. నా భార్య వాణ్ణి చంకనేసుకునే కాపురానికి వచ్చింది. అత్తారిచ్చిన కానుక ఏడుస్తోంది చూసుకోరా అని తోటి మేస్త్రీలు నన్ను ఆటపట్టించేవారు.

ఆ గదిలో వాడు పైకి చదివేవాడు. గోడలు వాడి మాటను వాడికే తిరిగి అప్పజెప్పేవి.

"మీ ఇంట్లో ఇద్దరు చదువుతున్నారా ఏమిటి?" అని పక్కింటామె అడిగేది.

"ఒకడు చదువుతాడు, ఒకడు వెక్కిరిస్తాడు" అనేది నా భార్య.

వాడు చదివి చదివి పట్నం కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే మాస్టారయ్యాడు. బల్ల, పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయాడు. గదిలో ఒక కుర్చీ మిగిలింది.

నా భార్య కాజాలు కుట్టేది. దర్జీ దుకాణం నుంచి చొక్కాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. ముందు గదిలో కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టి, బొత్తాలు పెట్టి పంపేది. మధ్యాహ్నం సూదిని చొక్కాకే గుచ్చి ఉంచి వెనక గదిలోకి పోయేది, ప్రార్థన చేసుకోవడానికి. ఆమె ప్రార్థనలో పెద్ద మాటలుండవు. పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టే ఉంటుంది. "ప్రభువా, వాడికి దగ్గు తగ్గిందో లేదో నాకు చెప్పడు. నీకేమైనా చెప్పాడా?" అని అడగడం నా చెవులారా విన్నాను. నేనూ ఆదివారం చర్చికి పోతాను. వెనక బల్ల మీద కూర్చుని వస్తాను. నా భక్తి అంతవరకే.

ఒకసారి వర్షాలకు వెనక గది గోడ నెర్రె విచ్చింది. పూడుద్దామని తాపీ, సున్నం తట్ట పట్టుకుని లోపలికి పోయాను. అలవాటు కొద్దీ దగ్గాను.

గది పలకలేదు.

మళ్ళీ దగ్గాను. చేత్తో చప్పట్లు కొట్టాను. చప్పట్లు నా అరచేతుల దగ్గరే చచ్చిపోయాయి. గోడల మీద వేలి కణుపులతో కొడుతూ చుట్టూ తిరిగాను. ఎక్కడా బోలు లేదు. గార పట్టు వదల్లేదు. నేలమీద చాప కూడా లేదు. నాలుగు గోడలు, ఒక కుర్చీ, నేను. అయినా నిండు సభలో నిలబడి దగ్గినట్టుంది. అంతమందిలో దగ్గినందుకు సిగ్గు కూడా వేసింది.

పని ముగించకుండానే బయటికొచ్చి అడిగాను. "ఆ గది మోగడం లేదేమే?"

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. "మనుషులున్న గది మోగుతుందా ఏమిటండీ?"

"ఎవరున్నారు?"

"ఆయనున్నాడు. ఆయనతో వచ్చేవాళ్ళున్నారు."

"ఎంతమంది?"

"లెక్కపెట్టడానికి వాళ్ళేమన్నా కోడిపిల్లలా?" అని నవ్వింది. తర్వాత దారం ముడివేసి, పళ్ళతో తెంపి, మామూలుగానే చెప్పింది. "నేనే కూర్చోబెట్టానండీ. తమ్ముడు నమ్ముతున్నానని ఒక్కమాట తన నోటితో అనేదాకా లేవొద్దన్నాను. పాపం, కూర్చున్నారు."

నెర్రెను ఆ తర్వాత పూడ్చాను. పూడుస్తున్నంతసేపూ వీపు గది వైపు పెట్టడానికి మనసొప్పక, పక్కకు తిరిగి పనిచేశాను. గోడ వంకర వచ్చింది. ఇప్పటికీ ఉంది ఆ వంకర.

చలికాలం వచ్చింది. ఇంట్లో అన్ని గదులూ చల్లగా ఉంటే ఆ గది వెచ్చగా ఉండేది. మనుషుల వెచ్చదనం వేరు, నిప్పు వెచ్చదనం వేరు. ఇది మనుషుల వెచ్చదనం. పొద్దున్నే చూస్తే కిటికీ అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టి ఉండేది, జనంతో నిండిన బస్సు అద్దాలకు పట్టినట్టు.

సెలవులకు బావమరిది వచ్చాడు. అక్క దాచుకోకుండా అంతా చెప్పింది. వాడు గదిలోకి పోయి చిటికె వేశాడు. చెవి అటూ ఇటూ తిప్పాడు.

"సున్నంలో ఏం కలిపావు బావా?"

"అందరి ఇళ్ళకూ కలిపేదే."

"గోడ చెమ్మ పట్టింది. చెమ్మ పట్టిన సున్నం స్పంజిలా చప్పుడును పీల్చుకుంటుంది. తలుపులు మూసే ఉంచుతారు కాబట్టి వెచ్చగా ఉంటుంది, ఆవిరి చెమ్మవల్లే."

"కావచ్చు" అన్నాను. నిజంగానే కావచ్చు. వాడు చెప్పినదాంట్లో నాకు తప్పు కనిపించలేదు.

"కావచ్చేమిటండీ?" అని నా భార్య నా మీద గయ్యిమంది. "చదవేస్తే ఉన్న మతి పోయిందని వీడికి పోయింది సరే. చదవని మీకేం పోయేకాలం?"

వాడు నవ్వాడు. అక్క తిట్లంటే వాడికి ప్రాణం. "అక్కా, నేను ఏసు మంచివాడు కాదన్నానా? కథను కథగా చూడమంటున్నాను. నీది విశ్వాసం. విశ్వాసం కుక్కకీ ఉంటుందే."

"ఉంటుంది. కొట్టినా గుమ్మం వదలదు. అది చాలు నాకు" అంది.

మేమిద్దరం బయటికొచ్చాక కూడా వాడు ఆ గదిలో కాసేపు ఉండిపోయాడు. అద్దం మీది ఆవిరిని వేలితో తుడిచి, ఆ వేలిని బొటనవేలికి రాసుకుంటూ చూడటం నా కంటపడింది.

ఆ తర్వాత కాలేజీలో వాడి ఉపన్యాసం పెట్టారు. ఆ హాలు పైకప్పు కారుతుంటే నేనే పూత వేసి వచ్చాను కాబట్టి, "నీ పూత కింద నా మాట ఎలా ఉంటుందో విందువు, రా బావా" అని పిలిచాడు. పోయి వెనక వరసలో కూర్చున్నాను. ముందు వరసలో వాళ్ళ పెద్ద ప్రొఫెసరు కూర్చున్నాడు. తెల్లటి గడ్డం, మెత్తటి మాట. అక్కడ మావాడి సంగతి నాకు కొంత తెలుసు. ఇతను చర్చిలో పెరిగాడట, ఇంకా మోకాళ్ళ మీద కూర్చుంటాడేమో అని తోటి మాస్టార్లు వెనక గుసగుసలు పోయేవారట. మర్యాదగానే. మర్యాదగా చేసేది మరీ లోతుగా దిగుతుంది.

వాడు చక్కగా మాట్లాడాడు. సగం నాకు అర్థం కాలేదు. ఉన్నట్టుండి నాకు అర్థమయ్యే సంగతి వచ్చింది.

"నాకు తెలిసిన ఒకామె ఉంది" అన్నాడు. "కాజాలు కుట్టుకుంటుంది. ఆమె ఇంట్లో ఒక గది మోగదు. భర్త మేస్త్రీ, గోడకు చెమ్మ పట్టింది. ఆమె లెక్క ప్రకారం ఆ గదిలో దేవుడు సపరివారంగా విడిది చేశాడు. ఆమె బాధల్లా ఒకటే, అంతమందికీ ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ!"

హాలంతా గొల్లుమంది. కుర్చీ మాట ఆమె అననే లేదు. వాడే చేర్చాడు. పెద్ద ప్రొఫెసరు నవ్వి నవ్వి కళ్ళు ఒత్తుకున్నాడు. దిగి వచ్చాక వాడి భుజం మీద చెయ్యి వేసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ చెయ్యి కోసం వాడు ఎన్నాళ్ళుగా చూస్తున్నాడో, కూర్చున్న తీరులోనే తెలిసింది. ఆ కాజాలామె ఎవరో ఆ హాలులో ఇద్దరికే తెలుసు. వాడు తల తిప్పి వెనక వరసలో నన్ను చూశాడు. నేను లేచి వచ్చేశాను.

ఇంట్లో ఆమె అడిగింది. "బాగా చెప్పాడా?"

"బాగా నవ్వించాడు" అన్నాను.

"చిన్నప్పటినుంచీ అంతే" అని మురిసిపోయింది.

వాన ముసురు పట్టిన రోజుల్లో నా భార్యకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో ఉంచారు, పంపించేశారు. ఇంక మందులతో పని లేదని డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"మంచం వెనక గదిలో వేయండి. వాణ్ణి పిలిపించండి" అంది.

బావమరిది బస్సు దిగి వస్తుంటే నేను ఎదురెళ్ళాను. మనిషి సగమయ్యాడు. కళ్ళ కింద నలుపు. అక్క ఎలా ఉందని అడిగి, జవాబు విని, కొంత దూరం ఊరికే నడిచాడు. తర్వాత రోడ్డు పక్కన ఆగాడు.

"బావా, నీకొకటి చెప్తాను. నవ్వకు."

"నవ్వడం నాకు చేతకాదని మీ అక్క చెప్పలేదా?"

"ఆ ఉపన్యాసం అయినప్పటినుంచీ, నేను మాట్లాడితే గదులు మోగుతున్నాయి. క్లాసు నిండా పిల్లలుంటారు బావా. బల్లకు ఇరుక్కుని కూర్చుంటారు. నేను నోరు తెరిస్తే నా మాట నాకే తిరిగొస్తుంది, ఖాళీ గదిలో అరిచినట్టు. వాళ్ళకు వినపడటం లేదు. అడిగాను. ఇంకెవరు మాట్లాడినా మోగదు. నా ఒక్కడికే."

"డాక్టరుకు చూపించావా?"

"చెవులు బాగున్నాయన్నాడు."

వాడి సంచీ అందుకుని నడిచాను.

ఆమె వాణ్ణి చూసి చెయ్యి చాపింది. వాడు మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నం, బయట వాన లేదు, మబ్బు వెలుగు. గది వెచ్చగా ఉంది. అద్దానికి ఆవిరి పట్టి ఉంది. వాడి మాట ఆ గదిలో మోగలేదు. ఆ సంగతి వాడికీ తెలిసింది. ఎన్నాళ్ళకో బరువు దించినవాడిలా ఊపిరి వదిలాడు.

"దగ్గు తగ్గిందారా?" అంది.

"నా దగ్గు సంగతి ఇప్పుడెందుకే అక్కా!"

"ఒక్కమాట అనరా నాన్నా. నమ్ముతున్నానని. నాకోసం కాదు. వీళ్ళని ఎన్నాళ్ళు కూర్చోబెట్టను?"

వాడు నేల చూశాడు. "ఆయన్ని నమ్ముతున్నానని నేననలేనక్కా. అంటే అబద్ధమవుతుంది. లోకంలో ఎవరితోనైనా ఆడతాను. నీ దగ్గర ఆడలేను."

"అబద్ధం వద్దులే" అంది. కోపం లేదు. అలిసిపోయి కళ్ళు మూసుకుంది.

వాడి భుజాలు కదలడం మొదలైంది. పెద్దవాడయ్యాక వాడు ఏడవగా నేను చూడలేదు. ఆమె చేతిని మొహానికి ఆనించుకుని, గొంతు పూడుకుపోతుండగా అన్నాడు.

"అక్కా, నిన్నమ్మానే."

ఆమె కళ్ళు తెరిచింది. మొహం ఎలా మారిందో నాకు చెప్పడం రాదు. పొయ్యిలో బూడిద ఊదితే లోపల నిప్పు కనిపిస్తుంది చూడండి, అలా.

"నన్ను నమ్మావా!" అంది. "నన్ను నమ్మితే సగం దూరం వచ్చినట్టేరా. మిగతా సగం ఆయన చూసుకుంటాడు."

ఆమె చూపు వాణ్ణి దాటి, నన్ను దాటి, గది చుట్టూ తిరిగింది, భోజనాలయ్యాక ఇంటి ఇల్లాలు బంధువులను చూసినట్టు.

"విన్నారుగా. ఇంక లేవండి" అంది.

ఏమీ చప్పుడు కాలేదు. తలుపు కదలలేదు. నా ఒంటికి రెండు పక్కలా చల్లగాలి తగిలిందని మాత్రం చెప్పగలను. అప్పటిదాకా గుమ్మంలో ఒరుసుకుని నిలబడినవాళ్ళు తప్పుకుంటే తగిలినట్టు. నేను అప్రయత్నంగా తలుపు వారకు ఒదిగాను. అద్దం మీది ఆవిరి పై నుంచి కిందికి విడిపోతోంది. బయట పెరటి గోడ మీది నాచు కనిపించింది.

వాడు తల ఎత్తాడు. వాడికి మొదటినుంచీ ఒక గుణం ఉంది. తప్పు మాట చలామణీ కానివ్వడు.

"కాదక్కా, నేనన్నది..."

ఆ మాట నాలుగు గోడలకూ కొట్టుకుని తిరిగొచ్చింది. నేనన్నది, అన్నది, అన్నది. మంచం ఉంది, పరుపు ఉంది, దుప్పట్లున్నాయి, ముగ్గురం ఉన్నాం. అయినా కొత్తగా కట్టిన గదిలా ఖంగున మోగింది. నేనూ విన్నాను. వాడి చెవి లోపం కాదు.

ముగ్గురం ఉన్నాం అన్నాను. లేము. ఆమె వెళ్ళిపోయింది.

భూస్థాపన అయ్యాక ఇద్దరం ముందు గదిలో కూర్చున్నాం. సూది గుచ్చి వదిలేసిన చొక్కా కిటికీ దగ్గర అలాగే ఉంది. ఎవరమూ దాన్ని ముట్టుకోలేదు.

"బావా, నేనేమన్నానో నువ్వు విన్నావు. ఏమని విన్నావు?"

"నువ్వేమన్నావు?"

"అమ్మానన్నాను. నిన్ను అమ్మాను, అక్కా, అని. అంతమంది ముందు, ఒక ముసలాయన భుజం తడతాడని అమ్మేశాను. అది ఒప్పుకోవాలని వచ్చాను. అక్క, నమ్మాను అని వింది."

నేను రెండు మాటలూ నోట్లో వేసుకుని చూశాను. నిన్ను అమ్మాను. నిన్ను నమ్మాను. విడిగా అంటే పగలూ రాత్రీ అంత తేడా. ఆత్రంలో కలిపేస్తే రెండూ ఒకటే, నిన్నమ్మాను. ఏ చెవీ విడదీయలేదు.

"నేను వింది ఆ కలిపిన మాటే" అన్నాను.

"దిద్దుదామంటే మనిషి లేదు. అసలు భయం అది కాదు బావా. నేను ఏమనుకుని అన్నానో ఇప్పుడు నాకే తెలియడం లేదు. అమ్మాననుకునే మొదలుపెట్టాను. మాట నోట్లోంచి బయటికి వస్తున్నప్పుడు..." అని ఆపేశాడు. మాటలు విప్పి చూడటమే వాడి ఉద్యోగం. ఆ ఒక్కమాట వాడికి విడిపడలేదు.

మంచం తీసేశాం. గది మోగుతూనే ఉంది. వాడు సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ఆ గదిలో నిలబడి ఒక మాట అనేవాడు, ఊరికే, ఏదో ఒక మాట. గది తిరిగి అనేది. బయటికొచ్చి, "ఇంకా మోగుతోంది" అనేవాడు. గోడలు ఆరాయనీ, ఎండలు ముదిరాయనీ వాడే అనవచ్చు. అనలేదు. దర్జీ చొక్కాల కట్టలు తీసుకుపోకుండా ఉంటే ఆ గదిలో పెట్టబోయాను. "వద్దు బావా. చప్పుడును బట్టలు తాగేస్తే నాకేం తెలుస్తుంది?" అన్నాడు.

ఎండాకాలం నడిమధ్య ఒక మధ్యాహ్నం సంచీతో వచ్చాడు. అలిసిపోయి ఉన్నాడు గానీ మొహం తేటగా ఉంది.

"మా పెద్ద ప్రొఫెసరుకు చెప్పేశాను" అన్నాడు.

"ఏమని?"

"మళ్ళీ ఉపన్యాసానికి లేపారు. ఆ కాజాలామె మా అక్క అన్నాను. కుర్చీ మాట నేను కల్పించాను అన్నాను. ఆమె నాకంటే తెలివితక్కువదని మీరందరూ నవ్వారు, నేను నవ్వించాను, ఆ గది గురించి నాకేమీ తెలియదు అన్నాను."

"ఏమన్నారు?"

"ఎవరూ నవ్వలేదు. పెద్దాయన బయటికి తీసుకెళ్ళి, చాలా దయగా, దుఃఖంలో ఉన్నావు, కొన్నాళ్ళు సెలవు పెట్టు అన్నాడు. ఆయన మంచివాడే బావా." సంచీ భుజానికి సర్దుకుని, "ఇంక నన్ను పక్కన కూర్చోబెట్టుకోడు" అన్నాడు.

"అన్నం తిన్నావా?"

"తర్వాత తింటాను."

వెనక గదిలోకి పోయాడు. నేను పెరట్లో తొట్టి దగ్గర తాపీ కడుగుతున్నాను. కిటికీ తెరిచే ఉంది. వాడి గొంతు వినిపించింది. తొందర లేదు. చిన్నపిల్లలకు గుణింతం చెప్పినట్టు, ఒక్కో మాట విడదీసి చెప్తున్నాడు.

"అక్కా, నిన్ను. అమ్మాను."

గది ఆ మాటను తిరిగి అంది. అమ్మాను. నాకు పెరట్లోకి వినిపించింది.

తొట్టిలో నీళ్ళు కూడా కదలకుండా చేతులు ముంచి ఉంచాను.

"నిన్ను" అన్నాడు మళ్ళీ. ఆ తర్వాతి మాట చాలా మెల్లగా వచ్చింది, లేచి నిలబడటం నేర్చుకునే పిల్లవాడు గోడ పట్టుకున్నట్టు. "నమ్మాను."

గోడలు తిరిగి అంటాయని చూశాను. అనలేదు.

తాపీ తొట్టి గట్టు మీద పెట్టి, చేతులు తుడుచుకోకుండానే ఇంట్లోంచి చుట్టు తిరిగి వెళ్ళాను. తలుపు సగం తీసి ఉంది. బావమరిది గోడకు ఆనుకుని ఉన్నాడు. గదిలో ఆ కుర్చీ తప్ప ఏమీ లేదు. కానీ వాడు సంచీని రొమ్ముకు హత్తుకుని, భుజాలు ముడుచుకుని, కాళ్ళు దగ్గరికి తీసుకుని, పక్కవాళ్ళకు తగలకుండా నిలబడి ఉన్నాడు. మొహం మీద భయమూ ఉంది, భయం కానిదీ ఉంది. నన్ను చూశాడు. పిలవలేదు.

నేను చెప్పులు విడిచి గుమ్మం బయటే నిలబడ్డాను. లోపల చోటు లేదు.